‘దిక్త్’ ఎక్కడిది? స్వీడన్ వాళ్లు కవితను పిలిచే మాట ఊరూ పేరూ వెతకడం ఎలా

రెండేళ్ల కింద ఒక స్వీడిష్ వ్యాసాన్ని తెలుగులో పెడుతూ బోల్తా పడ్డాను. అది ఒక క్రైమ్ నవల గురించిన వ్యాసం. అందులో నిజంగా జరిగిన కేసు ఎంత, రచయిత్రి ఊహ ఎంత అన్న చర్చ. మధ్యలో ‘దిక్త్ ఓక్ వెర్క్‌లీహేత్’ అన్న ముక్క వచ్చింది. దిక్త్ అంటే కవిత, ఆ మాత్రం నాకు తెలుసు కదా! ‘కవిత్వమూ వాస్తవమూ’ అని రాసేసి ముందుకు వెళ్లిపోయాను. అచ్చయ్యాక చదివిన స్నేహితుడు ఫోన్ చేసి, ‘ఒరేయ్, హత్య కేసులో కవిత్వం ఎక్కడిదిరా?’ అన్నాడు.

తప్పు ఎక్కడ జరిగిందా అని తవ్వుకుంటూ పోతే స్టాక్‌హోమ్ నుంచి జర్మన్ ఓడరేవులకి, అక్కడి నుంచి రోమ్‌కి, చివరికి మన ఇంటి గడప దాకా వచ్చాను. అదే దారిలో మిమ్మల్నీ తీసుకెళ్తాను. స్వీడిష్ రానక్కర్లేదు. ఫోనో కంప్యూటరో, ఒక నోటుబుక్కు, ఖాళీగా ఒక సాయంత్రం ఉంటే చాలు. సంస్కృతం నుంచి వచ్చిన మాటలు తెలుగులో బోలెడు ఉన్నాయి కాబట్టి ఈ పనిలో మనకి ఇంగ్లిష్ వాడి కంటే కొంచెం ఎక్కువ వీలుంది. ఎందుకో మూడో అడుగులో చూద్దురుగాని.

ఒక మాట ముందే చెప్పాలి. ఇంగ్లిష్ అలవాటు కొద్దీ మనం ‘డిక్ట్’ అని రాస్తాం. స్వీడిష్ వాళ్లు ఆ రెండు హల్లులూ నాలుకని పళ్లకి ఆనించి పలుకుతారు, అంటే మన ద, త. అందుకే ‘దిక్త్’ అని రాస్తున్నాను. వెతికేటప్పుడు మాత్రం డి-ఐ-కె-టి అని టైప్ చేయండి.

అడుగు 1: ఇప్పుడు ఏం పని చేస్తోందో చూడండి

మాట పుట్టుక వెతికేవాళ్లు చేసే మొదటి తప్పు నేరుగా పుట్టుక దగ్గరికే పరిగెత్తడం. ముందు ఆ మాట ఇవాళ ఏ ఏ చోట్ల వాడుతున్నారో ఒక పేజీలో రాసుకోండి. నోటుబుక్కులో రెండు గళ్లు గీయండి.

మొదటి గడిలో కవిత్వం. ‘ఎన్ దిక్త్’ అంటే ఒక కవిత, ‘దిక్తెర్’ అంటే కవితలు. 2011లో నోబెల్ అందుకున్న తూమస్ ట్రాన్‌స్ట్రొమర్ 1954లో తెచ్చిన తొలి పుస్తకం పేరు ‘17 దిక్తెర్’, అంటే 17 కవితలు, అంతే. రాసేవాడు ‘దిక్తారె’.

రెండో గడిలో కల్పన. ‘దిక్తా ఇహూప్’ అంటే కథ అల్లి చెప్పడం. ఆఫీసుకి ఆలస్యంగా వచ్చి ట్రాఫిక్ అని చెప్పేవాడు చేసే పని అదే. ‘ఉప్‌దిక్తాద్’ అంటే లేనిది పుట్టించిన, కట్టుకథ అయిన. ఇక స్వీడన్‌లోనూ నార్వేలోనూ ఎవరైనా చెప్పింది శుద్ధ అబద్ధం అనిపిస్తే ‘అబద్ధమూ, పాడు దిక్తూ’ అని కొట్టిపారేసే నుడికారం ఒకటుంది. నార్వే నాటకకర్త ఇబ్సెన్ 1867 నాటి ‘పేర్ గ్యూంట్’లో, కోతలరాయుడైన నాయకుడు తన గొప్పల గురించి తనే ఇంచుమించు ఈ మాటే అనుకుంటాడు. ఆ నాటకం మొదలయ్యేదే వాళ్లమ్మ ‘అబద్ధం ఆడుతున్నావు’ అని వాడి మీద పడడంతో.

రెండు గళ్లూ నిండాక పక్కపక్కన చూడండి. నేను చేసిన తప్పు అక్కడే బయటపడింది. నాకు తెలిసింది మొదటి గడి ఒక్కటే.

మనకి ఇది మరీ వింత కాకూడదు నిజానికి. ‘అల్లడం’ చూడండి. పద్యం అల్లాడు అంటే మెచ్చుకోలు, కథలు అల్లుతున్నాడు అంటే తిట్టు. పాట కట్టడం, కట్టుకథ కూడా అంతే. నార్వే వాళ్లకి కట్టుకథకి ఇంకో మాట ‘ఒప్‌స్పిన్’. అంటే వడికినది, నూలు వడికినట్టు. చలిదేశం వాళ్లు వడికారు, మనం అల్లాం.

ఇంకో సంగతి కూడా ఇక్కడే రాసుకోండి. దిక్తారె (నార్వేలో దిక్తెర్, డెన్మార్క్‌లోనూ అదే మాట; స్వీడిష్‌లో కవితలు అనే దిక్తెర్ వేరు) అనిపించుకోవడానికి పద్యాలే రాయక్కర్లేదు. నాటకాలు రాసినా, నవలలు రాసినా ఆ పేరు దక్కుతుంది. నార్వే పార్లమెంటు రచయితలకి ఏటా ఇచ్చిన జీతాన్ని ‘దిక్తెర్ జీతం’ అనేవాళ్లు. బ్యొర్న్‌సన్‌కి 1863లో, ఇబ్సెన్‌కి 1866లో వచ్చింది. ఇద్దరూ పద్యాలు రాశారు కానీ, ఆ మాట అర్థం అంతటితో ఆగదు. కాబట్టి దిక్తెర్ అని కనిపించినచోటల్లా ‘కవి’ అని రాసేయకండి.

అడుగు 2: పక్కింటి వాళ్లని అడగండి

స్వీడిష్, డేనిష్, నార్వేజియన్, ఐస్లాండిక్, ఫారో దీవుల భాష. ఇవి అయిదూ ఒకే తల్లి బిడ్డలు. ఆ తల్లి వెయ్యేళ్ల కిందటి పాత నార్స్. ఒక మాట అయిదిళ్లలోనూ ఉంటే అది అమ్మగారి సొత్తు కావచ్చు. కొన్ని ఇళ్లలోనే ఉంటే తర్వాత వచ్చి చేరిందేమోనని అనుమానించాలి.

డెన్మార్క్‌లో ఉంది, కాకపోతే కె బదులు జి పెట్టి డి-ఐ-జి-టి అని రాస్తారు. నార్వేలో ఉంది. నార్వే పాత పుస్తకాల్లో వెతకాలంటే డేనిష్ స్పెల్లింగే వాడాలి, ఎందుకంటే అప్పట్లో వాళ్ల రాత డేనిష్ రాతే. 1871లో వచ్చిన ఇబ్సెన్ కవితల సంపుటి పేరులో కూడా జి ఉంటుంది. ఇది తెలీక నేను ఒక పూట వృథా చేసుకున్నాను.

ఐస్లాండ్‌కి వెళ్తే కథ మారిపోతుంది. అక్కడ కవిత అంటే ‘ల్యోధ్’. కవిత రాయడం అంటే ‘ఇర్క్యా’. ఫారో దీవుల్లో కవితనే ‘ఇర్కింగ్’ అంటారు. ఈ ఇర్క్యాకి పాత అర్థం పని చేయడం. ఇంగ్లిష్ ‘వర్క్’కి దగ్గరి చుట్టం. ఐస్లాండ్‌లో ఇవాళ్టికీ పొలం సాగు చేయడానికీ కవిత రాయడానికీ ఇదే క్రియ. సత్కవులు హాలికులైతేనేం అని ప్రశ్నించినట్టు మనం చెప్పుకునే పోతన పద్యాన్ని ఆ దీవిలో వినిపిస్తే, ఇందులో ప్రశ్న ఏముంది అనుకుంటారేమో.

పాత నార్స్ రాతల్లో ‘దిక్తా’ అసలు లేదని కాదు. ఉంది. కానీ ఎక్కువగా లాటిన్‌లో రాయడం అన్న అర్థంలో కనిపిస్తుంది. అంటే చదువుకున్న మతగురువుల మాట. ఊళ్లో పాటలు కట్టేవాడి మాట కాదు. ఈ గుర్తు నోటుబుక్కులో కింద గీత గీసి పెట్టుకోండి.

అడుగు 3: వేలిముద్రలు తీయండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన అడుగు ఇదే, కాబట్టి కాస్త నిదానంగా వెళ్దాం.

సంస్కృతం, లాటిన్, స్వీడిష్ చాలా పాత కాలంలో ఒకే భాష నుంచి విడిపోయాయి. విడిపోయాక స్వీడిష్ ఉన్న కొమ్మలో, అంటే జర్మానిక్ కొమ్మలో, కొన్ని హల్లులు వరసగా మారిపోయాయి. డెన్మార్క్ పండితుడు రాస్మస్ రస్క్ 1818లో ఈ వరసని బయటపెట్టాడు. ఈయన ఆ తర్వాత మన దేశానికి కూడా వచ్చి వెళ్లాడు. 1822లో జర్మనీకి చెందిన యాకోబ్ గ్రిమ్ దాన్ని ఒక సూత్రంగా పెట్టాడు. పేరు గ్రిమ్‌కి దక్కింది.

ఆ సూత్రంలో మనకి కావలసిన ముక్క ఒక్కటే. సంస్కృతంలోనూ లాటిన్‌లోనూ ద ఉన్నచోట, స్వీడిష్ సొంత మాటలో త ఉంటుంది. మీరే సరిచూడండి. దంతం: లాటిన్‌లో దెంతెం, స్వీడిష్‌లో తన్ద్. దశ: లాటిన్‌లో దెకెం, స్వీడిష్‌లో తీయు. ద్వి: లాటిన్‌లో దువొ, స్వీడిష్‌లో త్వో. ఇంగ్లిష్ కూడా అదే కొమ్మ కనుక అక్కడా టూత్, టెన్, టూ. మొదట్లో ద ఉన్న సంస్కృతం మాట తీసుకుని మీరూ ఒకటి రెండు ప్రయత్నించండి, సరదాగా ఉంటుంది.

రెండో ముక్క. లాటిన్‌లో క్త ఉన్నచోట స్వీడిష్, దాని తోబుట్టువుల సొంత మాటల్లో త్త వస్తుంది. ఎనిమిదిని లాటిన్‌లో ఒక్తో అంటారు, స్వీడిష్‌లో ఓత్తా. రాత్రి లాటిన్‌లో నొక్తెం, సంస్కృతంలో నక్తం, స్వీడిష్‌లో నత్త్. క వినబడకుండా పోయి త ఒత్తుగా మిగిలింది. మనవాళ్లు సంస్కృతం ‘భక్తుడు’ని ‘బత్తుడు’ చేసినట్టే అనుకోండి, గుర్తుపెట్టుకోవడానికి.

ఇప్పుడు మన మాటని బల్ల మీద పెట్టండి. దిక్త్. మొదట్లో ద ఉంది. అది లాటిన్ ద తో పోలుతోంది; స్వీడిష్ సొంత సరుకైతే త ఉండాలి. చివర్న క్త్ ఉంది. సొంత సరుకైతే త్త్ ఉండాలి. రెండు వేళ్ల ముద్రలూ బయటివాడివే. నిఘంటువు తెరవకముందే ఇది దిగుమతి మాట అని అనుమానించడానికి మీ చేతిలో గట్టి ఆధారం ఉంది.

ఈ క్త్ ఇంకో సంగతి కూడా చెబుతుంది. స్వీడిష్‌లో ‘మక్త్’ అంటే అధికారం, బలం; ‘ఫ్రుక్త్’ అంటే పండు. రెండూ ఉత్తర జర్మనీ నుంచి వచ్చినవే. అక్కడ వాటి చివర గొంతులోంచి వచ్చే ‘ఖ్త్’ లాంటి ధ్వని ఉండేది. ఆ ధ్వని నోరు తిరగని స్వీడన్ వాళ్లు క్త్ అన్నారు. మరి బలానికి ఈ అయిదిళ్ల సొంత మాట ఏమైంది? ఐస్లాండ్‌లో భద్రంగా ఉంది: ‘మౌత్తుర్’. చూశారా, త్త. మక్త్, ఫ్రుక్త్, దిక్త్. ముగ్గురూ ఒకే ఓడ దిగినట్టున్నారు.

అడుగు 4: అప్పుడు నిఘంటువు తెరవండి

స్వీడిష్ అకాడమీ పెద్ద నిఘంటువు ఉంది. 1880లలో మొదలుపెట్టి 2023లో 39వ సంపుటంతో ముగించారు. అకాడమీ నిఘంటువులన్నీ ‘స్వెన్‌స్కా డాట్ ఎస్ఈ’ అనే సైటులో ఉచితంగా, ఒకే పెట్టెలో వెతుక్కోవచ్చు. మాట పుట్టుక కోసం ప్రత్యేకంగా ఎలోఫ్ హెల్‌క్విస్ట్ 1922లో వేసిన పుస్తకం స్కాన్ కాపీ ‘రూనెబెర్య్’ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో దొరుకుతుంది. డేనిష్ రూపం కోసం ‘ఊర్డ్‌నెట్’ సైటు చూడండి.

పేజీ తెరవగానే పొట్టి అక్షరాలు చూసి టెన్షన్ పడొద్దు. ముఖ్యమైనవి మూడే. ఎఫ్ఎస్‌వి అంటే పాత స్వీడిష్. జెఎఫ్ఆర్ అంటే ‘పోల్చి చూడండి’; ఇది కనిపిస్తే ఆ తర్వాతి మాట తల్లి అని కాదు, చుట్టం మాత్రమే. ఈ తేడా పట్టించుకోక చాలామంది పప్పులో కాలేస్తారు. ఇక ‘త్యుస్క్’ అన్న ముక్క ఏ రూపంలో ఉన్నా జర్మన్ అని. దాని ముందు ‘లోగ్’ గానీ ‘నేదెర్’ గానీ ఉంటే లో జర్మన్. ఈ ‘లో’ అంటే తక్కువ రకం అని కాదు. ఉత్తర జర్మనీ సముద్రం పక్కనున్న పల్లపు నేల, కొండలున్నది దక్షిణాన. కోనసీమ యాస, మెరక ఊళ్ల యాస అన్నట్టు అనుకోండి.

దిక్త్ దగ్గర చదివితే మీ వేలిముద్రలు చెప్పిందే కనిపిస్తుంది. మధ్యయుగపు లో జర్మన్ ‘దిఖ్తెన్’ నుంచి, అది లాటిన్ ‘దిక్తారే’ నుంచి.

ఇక్కడ ఒక గుంట ఉంది, చూసుకుని నడవండి. లాటిన్ క్రియ దిక్తారే. స్వీడిష్‌లో కవి దిక్తారె. అచ్చు ఒకేలా ఉన్నాయని ఒకటే రూపం అనుకోకండి. స్వీడిష్ ‘-ఆరె’ పని చేసేవాడిని చెప్పే ప్రత్యయం, మన ‘-గాడు’, ‘-కారుడు’ లాగా. లాటిన్ ‘-ఆరే’ క్రియకి చివర. ధాతువు ఒకటే, తోక వేరు.

అడుగు 5: ఎవరు మోసుకొచ్చారో కనుక్కోండి

మాటలు వాటంతట అవి ప్రయాణం చేయవు. వకీలు, దస్తావేజు, దుకాణం తెలుగులోకి ఎవరితో వచ్చాయో మనకి తెలుసు. కచేరీల్లో, అంగళ్లలో నడిచే భాష ఇంట్లోకి కూడా వచ్చేస్తుంది.

స్కాండినేవియాలో ఆ పని హన్సా వర్తకులు చేశారు. ల్యూబెక్ నగరం నాయకత్వంలో ఉత్తర జర్మనీ వ్యాపారులు కట్టిన సంఘం అది. 13వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా బాల్టిక్ సముద్రం మీద చేప, ఉప్పు, ధాన్యం, బట్ట, అన్నీ వాళ్ల చేతుల మీదుగానే నడిచాయి. నార్వేలోని బెర్గెన్‌లో 1360 ప్రాంతంలో వాళ్లు పెట్టిన కొఠీ ఉన్న రేవు వీధి బ్రుగ్గెన్ పేరుతో ఇప్పటికీ ఉంది. తర్వాతి కాలంలో తిరిగి కట్టిన ఆ చెక్క ఇళ్లకి 1979లో యునెస్కో గుర్తింపు వచ్చింది. స్టాక్‌హోమ్‌లో వాళ్ల జోరు ఎంతంటే, నగర మండలిలో సగం కంటే ఎక్కువ మంది జర్మన్లు ఉండకూడదని చట్టంలో రాసుకోవాల్సి వచ్చింది. 1471లో ఆ సగం కూడా తీసేశారు. మండలిలోంచి జర్మన్లని పంపేయగలిగారు గానీ మాటల్ని పంపలేకపోయారు. కిటికీకి ‘ఫొన్‌స్తెర్’, దర్జీకి ‘స్క్రెద్దారె’, డబ్బు చెల్లించడానికి ‘బెతాలా’. రోజూ వాడే ఇలాంటి మాటల్లో ఎన్నో ఆ ఓడల్లో వచ్చినవే.

కవిత్వం ఉప్పు బస్తాల పక్కన కూర్చుని వచ్చిందంటే నాకు నవ్వొస్తుంది. కానీ వర్తకుడికి ఉత్తరం రాసేవాడు కావాలి, పద్దు రాసేవాడు కావాలి. దిఖ్తెన్ మొదట రాతపని. ఇది తర్వాతి అడుగులో ఇంకా తేటపడుతుంది.

అడుగు 6: రోమ్ దాకా వెళ్లండి

లాటిన్‌లో ‘దీకెరె’ అంటే చెప్పడం. దాన్ని సాగదీసి ‘దిక్తారే’ చేస్తే పదే పదే చెప్పడం, ఇంకొకరు రాసుకునేలా చెప్పడం. బడిలో మాస్టారు పెట్టిన డిక్టేషన్ ఇదే.

ఇప్పుడు ఆనాటి రోమ్‌ని ఊహించుకోండి. చదువుకున్న పెద్దమనిషి తన చేత్తో రాయడు. అటూ ఇటూ నడుస్తూ చెబుతాడు, లేఖకుడు మైనపు పలక మీద గీస్తాడు. అలాంటప్పుడు ‘రాయడం’ అనే పనిలో మేధస్సు ఎవరిది? చెప్పేవాడిది. కాబట్టి ‘చెప్పి రాయించడం’ అన్న మాట మెల్లగా ‘రచించడం’ అయింది. మధ్యయుగంలో ఇటలీలో ఉత్తరాలు పద్ధతిగా రాసే విద్యకి ఈ మాట నుంచే పేరు పెట్టి పాఠాలు చెప్పారు. అదే మాట జర్మన్ నేల మీద రాయడం, రచించడం అయింది. తర్వాత పద్యం కట్టడం. ఆ తర్వాత లేనిది కల్పించడం. అడుగు 1లోని రెండు గళ్లూ ఇక్కడ కలిశాయి.

చెప్పేవాడు, రాసేవాడు అనగానే మనకి వ్యాసుడూ వినాయకుడూ గుర్తొస్తారు. నాకు మాత్రం తిక్కన, గురునాథుడు. ఐతిహ్యమే అనుకోండి, అయినా ముచ్చటైనది. భారతం చెబుతూ తిక్కన ఒకచోట ఆగిపోయి, లేఖకుడి వైపు తిరిగి ‘ఏమి చెప్పుదు గురునాథా’ అన్నాడట. గురునాథుడు ఆ ముక్క కూడా రాసేశాడు. తీరా చూస్తే అది సంజయుడు ధృతరాష్ట్రుడిని ‘కురునాథా’ అని పిలిచినట్టు, సంధిలో క గ గా మారినట్టు, పద్యంలో అతికినట్టు సరిపోయింది. దిక్తారే అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ కథే చెబుతాను. కవిత్వం పుట్టడం, డిక్టేషన్ ఇవ్వడం ఒకే క్షణంలో.

అడుగు 7: ‘దిక్కు’ సంగతి తేల్చండి

ఇంతసేపూ మీ మనసులో ఒకటి మెదులుతూ ఉండాలి. దిక్త్, దిక్కు. ఏమైనా సంబంధం ఉందా?

ముందు జాగ్రత్త చెబుతాను. శబ్దం కలిసిందని చుట్టరికం కలపకూడదు. స్వీడిష్‌లో ‘నీ’ అంటే మీరు. మన ‘నీ’ కి ఎంత దగ్గరగా ఉందో! కానీ అది వట్టి కాకతాళీయం. పాత స్వీడిష్‌లో మీరు అనే మాట ‘ఈ’. దాని ముందు వచ్చే క్రియ చివరి న్ జారి దీనికి అంటుకుని ‘నీ’ అయింది. మన నీతో దానికి ఏ సంబంధమూ లేదు. ఇలాంటిదే ఇంకోటి: ఓడవాళ్ల స్వీడిష్‌లో ‘దిక్త్’ అనే మరో మాట ఉంది, దానికి అర్థం బిగుతుగా, దగ్గరగా. అదీ లో జర్మనే, కానీ వేరే ధాతువు. జర్మన్‌లో ఈ రెండూ కలిసిపోయి ‘దిఖ్తుంగ్’ అంటే కవిత్వమూ అవుతుంది, కుళాయి కారకుండా వేసే వాషరూ అవుతుంది.

కాబట్టి దిక్కుని కూడా అదే అనుమానంతో పరీక్షించండి. లాటిన్ దీకెరె ధాతువుకి పాత అర్థం ‘చూపించడం’. సంస్కృతంలో దిశ్ ధాతువుకీ అదే అర్థం. వేలెత్తి చూపించేది దిశ. దాని నుంచే ఆదేశం, ఉపదేశం, నిర్దేశం. సంస్కృతం ‘దిక్’ తెలుగులో ‘దిక్కు’. సంస్కృతంలో ద ఉన్నచోట లాటిన్‌లో ద ఉండాలి: ఉంది. అర్థం చూపించడం నుంచి చెప్పడానికి జరగడం కూడా సహజమే. భాషాశాస్త్రం ఒప్పుకున్న చుట్టరికం ఇది. మరి స్వీడిష్ సొంత కొమ్మలో ఈ కుటుంబం వాళ్లు ఎవరూ లేరా? త తో వెతకండి: ‘తెక్కెన్’, అంటే గుర్తు, సంజ్ఞ. ఇంగ్లిష్‌లో టోకెన్, టీచ్. వీళ్లంతా దగ్గరి వాళ్లు.

అంటే దిక్త్, దిక్కు నిజంగానే దాయాదులు. నేను మొదట నవ్వి కొట్టిపారేసిన పోలిక అది. ఒకటి రోమ్, ల్యూబెక్ మీదుగా స్టాక్‌హోమ్ చేరింది, ఇంకోటి సంస్కృతం మీదుగా మన నోట్లోకి వచ్చింది.

అడుగు 8: ఆ కుర్చీలో ముందు ఎవరున్నారో అడగండి

బయటి మాట వచ్చి కూర్చుందంటే లోపలివాళ్లు కొందరు లేచి ఉండాలి. పాత నార్స్‌లో కవిత్వానికి మాటల కరువేమీ లేదు. ‘క్వేధా’ అంటే పలకడం, పాడి చెప్పడం. దాని నుంచి ‘క్వాద్’. నార్వేలో జానపద గానాన్ని ఇప్పటికీ ‘క్వేదింగ్’ అంటారు. ‘బ్రగ్ర్’ అంటే కవిత్వం. బ్రగి అనే దేవుడూ ఉన్నాడు, 9వ శతాబ్దంలో బ్రగి అనే కవీ ఉన్నాడు. ‘ఓధ్ర్’ అంటే కవిత్వం, ఆవేశం, పూనకం కూడా. ఓదిన్ దేవుడి పేరు ఇందులోంచే వచ్చింది. దిక్త్‌లో లేఖకుడి బల్ల కనిపిస్తుంది, ఓధ్ర్‌లో శివమూగడం కనిపిస్తుంది. నాకైతే రెండోదే ఇష్టం.

ఇక ‘స్కాల్ద్’, ఆస్థాన కవి. దీని పుట్టుక మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఇంగ్లిష్‌లో తిట్టడానికి వాడే ‘స్కోల్డ్’ ఈ మాటే అని చాలామంది అంటారు. తిట్టు కవిత్వం అక్కడ నవ్వులాట కాదు. ఐస్లాండ్ పాత చట్టాల్లో ఒకరిని అవమానిస్తూ పద్యం కడితే దేశభ్రష్టుడిని చేసేదాకా శిక్ష ఉండేది.

ఐస్లాండ్ రచయిత స్నోర్రి స్తుర్లుసన్ 13వ శతాబ్దంలో రాసిన ‘ఎద్దా’ అనే పుస్తకంలో ఈ మాటల వెనకున్న కథ ఉంది. క్లుప్తంగా చెబుతాను. క్వాసిర్ అనే మహాజ్ఞానిని ఇద్దరు మరుగుజ్జులు చంపి, అతని రక్తంలో తేనె కలిపి మద్యం కాచారు. అది తాగినవాడు కవి అవుతాడు. చేతులు మారి అది ఒక రాక్షసుడి కొండలో చేరింది. ఓదిన్ మారువేషంలో వెళ్లి, మొత్తం తాగేసి, గద్ద రూపంలో ఎగిరొచ్చి దేవతల కుండల్లో కక్కాడు. రాక్షసుడు వెంటపడుతున్న కంగారులో కొంత వెనకనుంచి కారిపోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు, కావలసినవాళ్లు తీసుకున్నారు. చెత్త కవులకి దక్కిన వాటా అదేనట! అందుకే పాత పద్యాల్లో కవిత్వాన్ని ‘క్వాసిర్ రక్తం’, ‘ఓదిన్ మధువు’ అని పిలవడం కనిపిస్తే కంగారు పడకండి.

ఇక్కడ కూడా ఒక గుంట. ఐస్లాండ్‌లో ‘ల్యోధ్’ అంటే కవిత, ‘హ్ల్యోధ్’ అంటే ధ్వని. స్వీడిష్‌లో ముందున్న హ్ రాలిపోయి ధ్వనికి మాట ‘యూద్’ లాగా మిగిలింది. దాన్ని రాతలో చూసి కవితతో కలిపేయకండి. దాని చుట్టాలు వేరే: వినడం అనే ధాతువు, మన శ్రవణం, శ్రుతి.

ఇక తెలుగులో పెట్టేటప్పుడు

తవ్విందంతా చేతికి వచ్చాక పని సులువు. దిక్త్ ముందు ‘ఎన్’ ఉంటే, బహువచనం ఉంటే, ‘కవిత’ అనండి. పక్కన నిజం, వాస్తవం, అబద్ధం లాంటి మాట ఉంటే కల్పన, లేదా కట్టుకథ. దిక్తారె అన్నప్పుడు ఆ మనిషి ఏం రాశాడో ముందు చూసి కవి అనో రచయిత అనో తేల్చుకోండి. స్కాల్ద్‌ని నేనైతే అలాగే ఉంచేస్తాను. ‘ఆస్థాన కవి’ అంటే అల్లసాని పెద్దన కళ్ల ముందు మెదులుతాడు. స్కాల్ద్ చేతిలో కత్తి కూడా ఉండేది.

మీకు ఇంకో సాయంత్రం ఖాళీ ఉంటే మన ‘కవి’ మీద ఇదే పని చేసి చూడండి. ఆ మాట పాత అర్థం చూసేవాడు, తెలిసినవాడు. లాటిన్, ఇంగ్లిష్, పాత నార్స్‌లలో దాని చుట్టాలుగా చెప్పేవాటిలో చాలావాటికి ముందు ఒక స చేరి ఉంటుంది. స్వీడిష్‌లో ‘స్కోదా’ అంటే చూడడం. అక్కడి నుంచి మొదలుపెట్టండి.

నా వ్యాసంలోని ఆ వాక్యాన్ని ‘కల్పన ఎంత, నిజం ఎంత’ అని దిద్దాను. మళ్లీ ఫోన్ చేసిన స్నేహితుడు ఈసారి ‘వెర్క్‌లీహేత్’ గురించి అడిగాడు. చివర్న ‘హేత్’ ఉంది కాబట్టి అదీ ల్యూబెక్ సరుకే అని చెప్పి పెట్టేశాను.